యాదమ్మక్క రిపోర్టు కోసం తార్నాకకు

వచ్చే నెల రిటైరవుతున్నాను. గర్భం ఎందుకు నిలవదు, పిల్లలు ఎందుకు పుట్టరు, అందులో జన్యువుల పాత్ర ఎంత అని వెతకడమే ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం. పుణెలో ఇల్లు సర్దుతుంటే పీహెచ్‌డీ మొదటి ఏడాది నోట్‌బుక్కు బయటపడింది. అందులో ఒక పేజీ తార్నాకలో మాకు టిఫిన్లు పెట్టిన యాదమ్మక్కది. ఆమెకు నేనిచ్చిన రిపోర్టు తప్పయి ఉండొచ్చని ఎప్పటి నుంచో లోపల గుచ్చుకుంటూనే ఉంది. చెప్పే ధైర్యం లేక వాయిదా వేస్తూ వచ్చాను. ఈసారి టికెట్టు కొనేశాను.

ఉదయం ఏడున్నరకు సికింద్రాబాద్‌లో రైలు దిగి మెట్రో ఎక్కితే రెండో స్టేషనే తార్నాక. ఇరవై రూపాయలు కూడా కాలేదు. ధైర్యం కూడగట్టుకోవడానికి ముందు నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీ క్యాంపస్ చూద్దామని ఆటో మాట్లాడుకున్నాను, అరవై రూపాయలు. "మాణికేశ్వర్ నగర్ దిక్కుకెళ్లి పోవాల్నా మేడం, మెయిన్ రోడ్డుకెళ్లా?" అన్నాడు డ్రైవరు. ఏ దారిలో చెట్లు ఎక్కువుంటే ఆ దారిలో పోనివ్వమన్నాను. "గట్లయితే జర లేటయితది," అని నవ్వాడు. నాకు కావలసిందీ అదే.

మా డిపార్ట్‌మెంట్ మెట్లు అలాగే ఉన్నాయి. రెండో అంతస్తులో మా గదికి ఇప్పుడు ఏసీ. అప్పట్లో మే నెలలో కూడా ఫ్యాన్ ఆపేసి కూర్చునేవాళ్లం. ఫొటోలోని క్రోమోజోములను చిన్న కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి, జతలు కట్టి, కాగితం మీద అంటించాలి. ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతాయి. ఒకసారి ఎవరో ధడాలున తలుపు తీస్తే ఇరవై ఒకటో నంబరు క్రోమోజోము ముక్క ఎగిరిపోయింది. నలుగురం నేలంతా పాకాం. మా సారు కూడా బల్ల కింద దూరారు.

పొరపాటూ ఆ గదిలోనే జరిగింది. మూడోసారి కడుపు పోయినప్పుడు యాదమ్మక్క నన్ను నమ్మి, ఆసుపత్రి నుంచి చిన్న కండ ముక్కను పంపించింది. అలాంటి ముక్కలో శిశువు కణాలతో పాటు తల్లి గర్భసంచి పొర కూడా అంటుకుని ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఓపికగా విడదీయాలి. నేను తొందరపడి విడదీయకుండానే ల్యాబ్‌లో కణాలను పెంచాను. పెరిగినవి తల్లి కణాలే అయి ఉండొచ్చు; అవైతే మామూలుగా ఆడవిగా, లోపం లేనివిగానే కనిపిస్తాయి. నేను మాత్రం 'ఆడశిశువు, లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను.

తిరిగి తార్నాకకు వచ్చి, పదిన్నరకు లాలాపేట్ రోడ్డు చేరాను. యాదమ్మక్క అప్పటి టిఫిన్ బండి ఇప్పుడు చిన్న హోటలు. పెనం దగ్గర ఆమె భర్త సత్తయ్య. "గిన్నేండ్లకు యాదికొచ్చిననా చెల్లె?" అంటూ యాదమ్మక్క నా చేయి పట్టుకుంది. దోసె తిన్నాక, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"ఆడపిల్ల అని రాసినవు గద?" అంది.

"అదీ తెలియదక్కా. బిడ్డలో లోపం ఉందో లేదో కూడా తెలియదు. తెలిసినట్టు రాశాను. తప్పు నాది."

చాలాసేపు తుడిచిన బల్లే తుడిచింది. "బిడ్డ మంచిగనే ఉండె, నీ కడుపే మంచిగ లేదని మా అత్త సచ్చేదాంక అన్నది. ఈయన ఒక్కనాడు కాదనలే."

తిడితే పడదామనుకున్నాను. తిట్టలేదు. లోపలికెళ్లి ప్లాస్టిక్ కవరులోంచి ఆ రిపోర్టు తెచ్చింది. "గిదంతా గీడ రాసియ్యి. సంతకం పెట్టు."

నా పాత సంతకం కింద రాశాను.

"సదువు. జర గట్టిగ. ఆయనకు వినవడాలె."

'ఈ ఫలితం తల్లి కణాలది కావచ్చు. శిశువు సంగతి తెలియదు. దీన్నిబట్టి లోపం యాదమ్మదని ఎవరూ అనడానికి లేదు' అని చదివాను. సత్తయ్య స్టవ్ కట్టేసి, తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇంకోపాలి సదువు," అంది యాదమ్మక్క.

సాయంత్రం రైల్లో నాకు క్యాంపస్ కన్నా ఆ ప్లాస్టిక్ కవరే ఎక్కువ గుర్తొచ్చింది. నేను రాసిన పరిశోధన పేపర్లను ఇంత జాగ్రత్తగా దాచుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. ఆ ఇంట్లో నా ఒక్క వాక్యం ఇన్నేళ్లు ఏం చేసిందో తలచుకుంటే సిగ్గేసింది.

ఇలాంటి పరీక్షల కోసం తార్నాక వైపు వచ్చేవాళ్లకు ఒక్క సలహా. 'ఆడశిశువు, లోపం లేదు' అని రిపోర్టు వస్తే, ఆ కణాలను తల్లి రక్తంతో పోల్చి చూశారా అని అడగండి. మొహమాటపడకండి. చెప్పాల్సిన నేనే ముప్పై ఏళ్లు మొహమాటపడ్డాను.