బావి మోటారూ, అత్తగారి తల నురగా

చెవి మేస్త్రీ ఇంట్లో ఆ ఆదివారం ఉదయం రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మేడమీది ట్యాంకు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే స్నానాల గదిలో ఆయన అత్తగారు తలకి రెండోసారి షాంపూ పట్టించి, కళ్లు గట్టిగా మూసుకుని కుళాయి తిప్పింది. కుళాయి ఒక్క గురక పెట్టి ఊరుకుంది.

"అమ్మాయ్! నీళ్లు!"

ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. గొంతుకు మాత్రం ఇరవై దాటలేదు.

మేస్త్రీ పెరట్లోకి వెళ్లి, బావి పక్కనున్న మోటారు స్విచ్చి వేశాడు. మోటారు ఝామ్మని తిరిగింది. నీళ్లు మాత్రం చుక్క రాలేదు.

ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, ముప్పై ఏళ్లుగా ఊళ్లో మొండికేసిన మోటార్లన్నిటినీ దారికి తెచ్చింది ఈయనే. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "బేరింగు పోయింది" అనేవాడు. లేదంటే "గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది" అనేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అంతే. అందుకే చెవి మేస్త్రీ అయ్యాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇక నవ్వు రాని సంగతి. ఆ చెవులు ఏడాదిగా పనిచేయడం లేదు. కుడిది పూర్తిగా మూతపడింది. ఎడమది, ఎవరైనా పక్కకొచ్చి గట్టిగా మాట్లాడితేనే పలుకుతుంది. ఈ రహస్యం భూమ్మీద తనొక్కడికే తెలుసని ఆయన గట్టి నమ్మకం. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం మానలేదు. పెట్టుకుని, రెండో చేత్తో మోటారు ఒళ్లు తడిమి, దాని వేడినీ వణుకునూ బట్టి ఊహించేవాడు. ఊహ తప్పితే మొత్తం విప్పేసి, "ఎందుకైనా మంచిదని చూశాను" అనేవాడు.

మర్నాడు పక్క ఊరి ఆడపిల్లల హాస్టలుకు వెళ్లాలి. అక్కడ ఆరు మోటార్లు, ఏడాది పొడుగునా చూసుకునే పని. వార్డెనమ్మ ఆయన చెవి గొప్ప విని మరీ పిలిచింది. ఆ చెవికి వినపడదని తెలిస్తే పని పోతుంది, దాంతోపాటు పేరూ పోతుంది. పని పోతే ఇంకోటి చూసుకోవచ్చు. పేరు పోతే తను ఎవరో తనకే తెలియదేమోనని ఆయనకు నిజంగా భయం వేసేది.

సరే, మోటారు దగ్గరికి వద్దాం. నీళ్లు ఎత్తడం లేదంటే లోపల గాలి చేరిందన్నమాట. బావిలోంచి వచ్చే గొట్టం మోటారు వైపు మలుపు తిరిగే చోట, పైన ఒక నోరు ఉంటుంది. మర మూత తీసి, అందులో నీళ్లు నిండా పోసి, మూత బిగించి, స్విచ్చి వేయాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన వైద్యం. మేస్త్రీ ఒక బకెట్టు పోశాడు. మూత బిగించాడు. స్విచ్చి వేశాడు. మోటారు రెండు పుక్కిళ్లు ఉమ్మి ఊరుకుంది.

మళ్లీ పోశాడు. మళ్లీ ఉమ్మింది.

ఆయన ఇల్లాలు పెరటి మెట్టు మీద కూర్చుని బీన్సుకు ఈనెలు తీస్తోంది. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడే తలెత్తి చూసింది. ఏదో అనబోయి, పెదవి బిగించి, మళ్లీ బీన్సులో పడింది.

మేస్త్రీ బావిలోంచి గొట్టం మొత్తం పైకి లాగాడు. అడుగున ఉండే వాల్వు విప్పాడు, కడిగాడు, ఊది చూశాడు. బంగారంలా ఉంది. మోటారు మూతి విప్పి లోపలి చక్రం చూశాడు. అదీ బాగుంది. అతుకులన్నిటికీ కొత్త టేపు చుట్టాడు. మళ్లీ దించాడు, బిగించాడు, పోశాడు. మోటారు మళ్లీ ఉమ్మింది. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, పెద్ద పండితుడిలా తల పంకించి, "ఊఁ, తెలిసింది" అన్నాడు. ఆయనకు ఏమీ తెలియలేదు.

ఇంట్లో నీళ్లన్నీ ఒక్కొక్కటే మోటారు నోట్లోకి పోయాయి. గిన్నెలు కడగడానికి పట్టుకున్నవి, బట్టలు నానేసినవి, ఫ్రిజ్‌లోని సీసాలు నాలుగూ. చన్నీళ్లయితే మోటారు హుషారుగా ఉంటుందని కాబోలు.

"అల్లుడుగారూ, నేనిక్కడే పోయేట్టున్నాను!" అని స్నానాల గదిలోంచి పెద్దావిడ కేకేసింది. "పోయాక ఎలాగూ స్నానం చేయిస్తారుగా, అప్పటిదాకా ఆగమంటారా?"

మేస్త్రీకి అది వినపడలేదు. అందుకని, ఇల్లాలు అటు చూడటం గమనించి, చిరునవ్వుతో ఆ గది వైపు తిరిగి, "అలాగే అత్తయ్యగారూ" అన్నాడు.

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరికి పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా ఒక్క బకెట్టు నీళ్లు అందించింది. అదే ఆఖరు, మా ఇంట్లోనూ లేవంది. మేస్త్రీ బకెట్టు పట్టుకుని మోటారు వైపు ఒక అడుగు వేశాడు. స్నానాల గది తలుపు తెరుచుకుంది. పెద్దావిడ చీర చుట్టబెట్టుకుని, తల మీద తెల్లటి నురగ గోపురంతో, కళ్లు మూసుకునే బకెట్టు వైపు చేతులు చాచింది. అల్లుడు బకెట్టును గుండెలకు హత్తుకున్నాడు. అత్తగారికి బకెట్టు అంచు అందింది. ఇద్దరూ లాగారు. తలా కాసిని కాళ్ల మీద పోసుకున్నారు.

"ఆగండి ఇద్దరూ!"

ఇల్లాలు బీన్సు పక్కన పెట్టి లేచింది. వచ్చి ముందు స్విచ్చి వేసింది. తర్వాత తల్లి నెత్తిన చెయ్యి పెట్టి దోసెడు నురగ తీసింది. తిన్నగా వెళ్లి, నీళ్లు పోసే మూత చుట్టూ ఆ నురగ మెత్తింది. మొగుడి మెడ పట్టుకుని అటు తిప్పింది.

మేస్త్రీ చూశాడు. మూత అంచున నురగలో చిన్న గుంట పడింది. ఆ గుంట లోపలికి, ఇంకా లోపలికి పోయింది. చూస్తుండగానే నురగంతా మర చుట్టూ తిరుగుతూ మాయమైంది.

గాలి పీల్చేది ఆ మూతే! పొద్దుట్నుంచి పదకొండుసార్లు తన చేత్తో తీసి, తన చేత్తో బిగించిన మూత. కింద రబ్బరు వాషరు ఎండి, చీలి, రెండు ముక్కలై ఉంది. ఊరి మోటార్లన్నీ విప్పి చూసిన మనిషి దాన్ని మాత్రం తిప్పి చూడలేదు.

పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి వాషరు వేశాడు. మిగిలిన ముప్పావు బకెట్టు పోశాడు. మూత బిగించి స్విచ్చి వేశాడు. గొట్టం ఒక్కసారి అదిరింది. మేడమీద ట్యాంకులో నీళ్లు దబదబ పడ్డాయి. ఆ చప్పుడు ఆయనకు వినపడలేదు. గొట్టం మీద పెట్టిన అరచేయి చల్లబడింది, దాంతో తెలిసింది. ఉన్నచోటనే రెండు గంతులు వేశాడు.

గంతుల మధ్యలో ఆగిపోయాడు.

"నీకెలా తెలిసిందే?"

ఇల్లాలు ఎడమవైపుకు వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "పొద్దుట్నుంచి ఈల వేస్తోందండీ ఆ మూత."

"మరి చెప్పవేం?"

"మీరు అడుగుతారేమోనని చూశాను. ఏడాదిగా చూస్తున్నాను."

మేస్త్రీ బావి గట్టు మీద కూలబడ్డాడు. సిగ్గు వేసింది, ఆ వెంటనే ప్రాణం తేలికపడింది. ఏడాదిగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "నాకు వినపడట్లేదే."

"తెలుసు. ఊరందరికీ తెలుసు. మీరు గుసగుసలాడితే పక్కింటి టీచరమ్మ బదులు చెబుతోంది కదా!"

ఈలోగా పెద్దావిడ తల కడుక్కుని, తువ్వాలు చుట్టుకుని వచ్చింది. అల్లుణ్ణి చూసి ఏదో అంది. చాలాసేపే అంది. మేస్త్రీ ఈసారి చిరునవ్వు నవ్వలేదు. "ఏమంటున్నారే?" అని భార్యను అడిగాడు.

"మీకు చెవుడని ఆవిడకు మొదట్నుంచీ తెలుసట. అందుకే ఏడాదిగా నోటికొచ్చినట్టు తిట్టుకుంటోందట. ఇక కుదరదు కాబోలని బాధపడుతోంది."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "తిట్టమను! ఏమేం తిట్టిందో అన్నీ చెప్పు!" ఇల్లాలు ఒక్కొక్కటే చెవిలో చెప్పింది. బుర్రలో గుజ్జు బదులు గ్రీజు ఉందన్నది ఆయనకు మరీ నచ్చింది. పెద్దావిడ కూడా నవ్వి, మరిచిపోయినవి రెండు అందించింది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక మేస్త్రీ ఫోను తీసి హాస్టలుకు చేశాడు. అవతల ఎత్తారో లేదో కూడా తెలియదు. కాసేపు ఆగి, గట్టిగా మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను మోటారు మేస్త్రీని. నా చెవులు పోయాయి. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. రేపు మా ఆవిడతో కలిసి వస్తాను. ఆవిడ విని చెబుతుంది, నేను బాగుచేస్తాను. అలాగైతే రమ్మంటారా, వద్దంటారా?"

అని, ఫోను భార్య చేతికిచ్చి ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఊఁ కొట్టింది, మళ్లీ ఊఁ కొట్టింది. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

ఆమె ఫోను పెట్టేసి, ఎడమ చెవి దగ్గరికి వచ్చింది.

"పదింటికి రమ్మంటోంది. ఇద్దర్నీ."