రాజుగారి కంపు మొక్క

ఇంట్లో దుర్వాసన వస్తే ఎవరైనా కిటికీలు తీసి, అగరొత్తి వెలిగించి, గుట్టుగా ఊరుకుంటారు. భీమవరంలో అచ్యుతరామరాజు గారు మాత్రం చుట్టాలకి ఫోన్ చేసి మరీ చెప్పేవారు. ఇంట్లో ఏ మూల ఏ కంపు పుట్టినా ఆ ఘనత తన మొక్కదే అనేవారు. ఆ మొక్కతో రెండేళ్లు కాపురం చేసేసరికి ఆయన భార్య సుభద్రమ్మకి ఓపిక అడుగంటింది.

కడియం నర్సరీలో దొరికింది ఆ మొక్క. ఆకుల్లేవు, ముళ్లు లేవు. వేలెడు లావున, నాలుగు పలకలుగా, పచ్చటి కాడలు గుంపుగా నిలబడి ఉంటాయి. పువ్వు మాత్రం అరచేయంత ఉంటుంది, ఐదు రేకుల నక్షత్రం. దూరం నుంచి చూస్తే పట్టుగుడ్డలా ఉంటుంది గానీ దగ్గరికెళితే చచ్చిన ఎలక కంపు. ఈగలు పెళ్లి భోజనానికి వచ్చినట్టు వస్తాయి. నర్సరీ అతను దాన్ని ఊరికే ఇచ్చేసి, రాజుగారి స్కూటరు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడట, మళ్లీ వెనక్కి తెస్తారేమోనని.

రాజుగారు దాన్ని ఇసుకా, ఇటుక ముక్కలూ కలిపిన కుండీలో నాటి మెట్ల పక్కన పెట్టారు. చుట్టూ కాలవలూ చెరువులూ ఉన్న ఊళ్లో, నీళ్లంటే గిట్టని మొక్క అది. ఎవరైనా జాలిపడి చెంబెడు నీళ్లు పోయబోతే లోపల్నుంచి పరిగెత్తుకొచ్చేవారు. దగ్గరికొచ్చి చూస్తే పువ్వు బెదురుతుందని ఎవర్నీ దరి చేరనిచ్చేవారు కాదు. చేరాలని ఎవరూ సరదా పడలేదనుకోండి. వాన పడితే గొడుగు కుండీకి పట్టి తాను తడిసేవారు. ఆ జలుబుకి మిరియాల కషాయం కాచవలసింది సుభద్రమ్మే. డాబా మీద పెట్టుకోండని ఆవిడ ఎన్నిసార్లు బతిమాలినా, మెట్ల దగ్గర గాలే దానికి పడుతుందనేవారు.

పప్పు మాడితే మొక్క. మురిక్కాలవ పొంగితే మొక్క. ఒకసారి గ్యాసు లీకవుతుంటే, మొగ్గ విచ్చుకున్నట్టుందని ఆయన మురిసిపోతూ కూర్చున్నారు. సుభద్రమ్మ పరిగెత్తి సిలిండరు కట్టేసి, వంటింటి గడప మీదే కూలబడింది.

పై వాటాలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి రామకృష్ణ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మెట్లెక్కేవాడు. వారానికోసారి వచ్చి గొడవ పెట్టేవాడు. మెట్ల కింద గదిలో ఉండే లోవలక్ష్మి మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. రొయ్యలు వొలిచే షెడ్డులో పని ఆ అమ్మాయిది. తలొంచుకుని వచ్చేది, పంపు దగ్గర నిమ్మతొక్కలతో చేతులు తోముకునేది, గదిలోకి వెళ్లి తలుపేసుకునేది.

ఒక ఆదివారం రామకృష్ణ తేల్చి చెప్పేశాడు. వాళ్ల అత్తగారు వస్తున్నారట. మొక్కనైనా తియ్యాలి, తామైనా ఖాళీ చెయ్యాలి. రాజుగారు ఊళ్లోకి వెళ్లారు. సాయంత్రంలోగా అవతల పారేస్తానని సుభద్రమ్మ మాటిచ్చేసింది. ఆ మాట అన్నాక ఆవిడకి ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

నడుం పట్టుకుని వంగి కుండీ ఎత్తింది. ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని మొహం తిప్పుకుని పోవడమే గానీ, దాన్ని దగ్గరగా చూసింది లేదు. పువ్వు లేదు. మొగ్గా లేదు. కాడల మధ్య సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుంది. నెలల తరబడి అది పూసిన జాడే లేదు.

అంతలో గేటు తీసుకుని లోవలక్ష్మి వచ్చింది. ఆ అమ్మాయితో పాటే వాసనా వచ్చింది. ఇన్నాళ్లూ రామకృష్ణ గొడవ పెడుతున్న వాసన అదే. కుండీని చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"తీసేస్తున్నారాండి?"

సుభద్రమ్మ కుండీ దించకుండానే తలూపింది.

"ఇంతకుముందు రెండిళ్లలో నా దగ్గర రొయ్యల వాసనొస్తోందని ఖాళీ చేయించారండి. ఇక్కడ చేరేముందే రాజుగారికి చెప్పేశానండి. నేను చూసుకుంటాలే అమ్మా అన్నారు. మర్నాడు మొక్కొచ్చిందండి."

సుభద్రమ్మ కుండీతో సహా మెట్టు మీద కూర్చుండిపోయింది. ఊరందరికీ ఫోన్ చేసిన మనిషి, కట్టుకున్నదానికి ఒక్క ముక్క చెప్పలేదు. ఒళ్లు మండింది. ఆ వెంటనే ఆయన మీద ఎక్కడలేని ఇష్టమూ పుట్టింది. లేచి, కుండీని ఎక్కడిదక్కడ పెట్టేసింది.

పైనుంచి రామకృష్ణ తొంగిచూశాడు. "కంపు ఇంకా వస్తోందేంటండీ?"

"అది మా మొక్కండి. తీస్తే మా ఆయన అన్నం మానేస్తారు. మీ అత్తగారికి నేను చెప్పుకుంటాలెండి" అంది సుభద్రమ్మ.

పొద్దుగూకేవేళ రాజుగారు తిరిగొచ్చారు. కుండీ కొంచెం పక్కకి జరిగి ఉండడం చూసి మెట్ల దగ్గరే ఆగిపోయారు. సుభద్రమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి, కడియం మళ్లీ ఎప్పుడు వెళతారని అడిగింది.

"ఎందుకు?" అన్నారాయన బెదురుగా.

"ఇంకోటి తెండి. ఈసారి కాస్త పువ్వున్నది చూసి తెండి."