ఓడెక్కిన బురదక్క

పరిశోధనాలయంలో జీతాల గుమాస్తా తప్ప ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మిగతా అందరికీ ఆమె బురదక్క. సముద్రం అడుగు నుంచి తవ్వి తెచ్చిన మట్టిని కడిగి, జల్లించి, గాజు పలక మీద పల్చగా పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టడం ఆమె పని. అసలు ఆమె చేరింది సీసాలు కడగడానికి. జల్లెడల బల్ల దగ్గర పనిచేసే ఆయన రిటైరైనప్పుడు, కొత్తవాళ్ళు దొరికేదాకా కాస్త చూడమ్మా అన్నారు. కొత్తవాళ్ళు దొరకనూ లేదు, ఎవరూ వెతకనూ లేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

పని ఆమెకు నచ్చింది. దోసెడు బురద కడిగితే చివరికి చిటికెడు మిగిలేది. సూక్ష్మదర్శినిలో ఆ చిటికెడే ఒక ఊరంత కనిపించేది. చక్రాల్లాంటివి, పడవల్లాంటివి, దువ్వెన పళ్ళలాంటివి, అన్నీ గాజు పెంకులే. ఒకప్పుడు నీటిపైన ఎండలో తేలుతూ బతికి, చచ్చాక అడుక్కి చేరిన నాచు కణాల పెంకులవి. ఏ రకం ఎలాంటి నీళ్ళలో బతుకుతుందో తెలుసు కాబట్టి, ఆ మట్టి పేరుకున్న కాలంలో అక్కడి సముద్రం ఎలా ఉండేదో శాస్త్రవేత్తలు చెప్పగలిగేవారు.

ఇల్లు రేవు వెనక పల్లపు వీధిలో ఉంది. పెద్ద పోటు వచ్చిందంటే చాలు, వాన చుక్క పడకుండానే సముద్రపు నీళ్ళు మురుగు కాలువల్లోంచి ఎదురెక్కి వీధిలోకి వచ్చేసేవి. నీళ్ళు పోయాక ప్రతి గుమ్మం ముందూ బురద తోసే చప్పుడే.

"లోకమంతా బురద వదిలించుకోవాలని చూస్తుంటే, నువ్వు జీతం తీసుకుని మరీ అందులో చెయ్యి పెడతావు. ఇదేం ఉద్యోగమే అమ్మాయ్," అనేది అత్తగారు. ఆవిడ ఒకప్పుడు రేవులో వలలు బాగుచేసిన మనిషి. చేతివేళ్ళు వంకర్లు పోయాయి గానీ నోరు మాత్రం ఇంకా సూటిగానే ఉంది.

ఒకరోజు పెద్ద మేడం నేరుగా జల్లెడల బల్ల దగ్గరికి వచ్చింది. పరిశోధనాలయంలో ఆవిడ మాటకు తిరుగులేదు. భూమి దక్షిణపు కొసన ఉన్న మంచు పలక గతంలో ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తరిగిందో తెలుసుకోవడానికి ఆ మంచు అంచున సముద్రగర్భాన్ని తవ్వాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతూ వచ్చింది. ఇన్నాళ్ళకు ఓడ దొరికింది. తీరా బయల్దేరే ముందు, గాజు పలకలు తయారుచేయాల్సిన ఆయన కాలు విరగ్గొట్టుకున్నాడు.

"నీకు పాస్‌పోర్టు ఉందా?" అని అడిగింది మేడం.

"లేదండీ. ఎందుకు?"

"అర్జెంటుగా తీయించుకో. రెండు నెలలు ఓడ మీద పని."

ఇంట్లో ఎవరో ఒకరు వద్దంటారు, తను హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుంటూ వెళ్ళి చెప్పింది. సిటీ బస్సు నడిపే మొగుడు ఏమీ తేల్చకుండా తల్లి వైపు చూశాడు.

"వెళ్ళిరా," అంది అత్తగారు. "జీవితమంతా వలలు బాగుచేశాను. ఒక్కరంటే ఒక్కరు నన్ను పడవెక్కమన్న పాపాన పోలేదు."

"మీకు వండిపెట్టేదెవరు అత్తయ్యా?"

"వీడున్నాడుగా. అంత బస్సు తిప్పేవాడికి గరిటె తిప్పడం ఓ లెక్కా?"

"నేను వండుతాలే," అన్నాడు మొగుడు. "తిన్నాక మాత్రం నన్నేమీ అనకూడదు. ఇప్పుడే చెప్తున్నా."

అలా ఆమె ఓడెక్కింది. రేవు కనుమరుగు కాకముందే కడుపులో తిప్పడం మొదలైంది. దక్షిణానికి వెళ్ళేకొద్దీ అలలు మేడల్లా లేచాయి. బల్లలు నేలకు బిగించి ఉన్నాయి, కుర్చీలకు పట్టీలున్నాయి, ఆమె కడుపును బిగించే పట్టీ మాత్రం ఎక్కడా లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. నన్నెక్కడైనా దింపేయండి అని అడుగుదామంటే చుట్టూ నీళ్ళు తప్ప దిగే చోటు లేదు.

తవ్వకం బృందానికి పెద్దను ఓడలో గొట్టాలాయన అనేవారు. ఉక్కుగొట్టాలతోనే జుట్టు నెరిసిన మనిషి. ఆమె నడవాలో గోడ పట్టుకుని నిలబడి ఉండటం చూసి, జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చాడు.

"నాకూ మొదటిసారి ఇంతేనమ్మా. మా ఆవిడకి ఆఖరి ఉత్తరం కూడా రాసేసుకున్నాను. నాలుగో రోజుకి ఆకలేసింది. ఆ ఉత్తరం చించేసి భోజనానికి వెళ్ళాను."

ఆమెకు నవ్వొచ్చింది. బిస్కెట్టు కడుపులో నిలిచింది.

మంచు అంచుకు చేరేసరికి అలలు తగ్గాయి. అక్కడ వేసవి కావడంతో సూర్యుడు అస్తమించడమే లేదు. దూరంగా తెల్లటి గోడ, దాని ముందు చెల్లాచెదురుగా మంచుకొండలు. ఓడ లంగరు వేయలేదు. అడుగున నాలుగు వైపులా తిరిగే పంకాలే దాన్ని ఒకచోట నిలబెట్టాయి. ఓడ నడిమధ్య ఉన్న కంతలోంచి గొట్టానికి గొట్టం బిగిస్తూ సముద్రం అడుగుదాకా దింపారు. అడుగున మట్టిని తొలుస్తూ పోతే, లోపలి సన్నగొట్టంలో ఆ మట్టి పొరలు చెదరకుండా నిలువు కడ్డీలా నిండుతాయి. దాన్ని తీగతో పైకి లాగుతారు. పై పొర కొత్తది, కిందికి పోయేకొద్దీ పాతది. ప్రతి కడ్డీ పైకొచ్చినప్పుడు, గొట్టం మూతి దగ్గర చిక్కిన పిడికెడు బురదను ముందుగా బురదక్క బల్ల మీదికి పంపేవారు. అది ఏ కాలానిదో తేలితే, తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవచ్చు.

అలా తొలిచిన మొదటి బిలం ఉసూరుమనిపించింది. మంచు ఈడ్చుకొచ్చి పోసిన రాళ్ళే అంతటా. గొట్టం కొసన ఉన్న తొలిచే ముక్కు అరిగింది. గొట్టాల్లో సగం ఖాళీగా వచ్చేవి, మిగతా సగంలో గులకరాళ్ళు గలగలలాడేవి. గొట్టాలాయన మొహం వేలాడేసుకుని తిరిగాడు. మేడం మాత్రం ఓడను కొంచెం తూర్పుకు జరిపించి, "ఇక్కడ మళ్ళీ మొదలుపెడదాం," అంది.

రెండో బిలం దారిలోకి వచ్చింది. బూడిదరంగు బురద, అందులో రాళ్ళు. బురదక్క పలక మీద పలక పూసి చూసింది. పెంకులు లేవు, ఉన్నా నలిగిన ముక్కలే. దాని అర్థం ఆమెకూ తెలుసు. ఆ కాలంలో ఆ చోటును మంచు కప్పేసింది. వెలుగు లేక నాచు బతకలేదు. అయినా కడ్డీలు మాత్రం నిండుగా వస్తున్నాయి. గొట్టాలాయన మళ్ళీ ఈలలు వేయడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఒక మంచుకొండ వీళ్ళ వైపు తిరిగింది. మొదట పక్కనుంచి పోతుందనుకున్నారు. గాలి మారింది. కొండ నేరుగా ఓడ మీదికే వస్తోందని కెప్టెన్ కబురు పంపాడు.

"ఇంకొక్క కడ్డీ తీయనివ్వండి మేడం," అన్నాడు గొట్టాలాయన. "మట్టి మెత్తబడుతోంది. గొట్టాలు దింపే బ్రేకు మీద నా చేతికి తెలుస్తోంది. ఏదో మారుతోంది కింద."

అక్కడున్న వాళ్ళందరూ మేడం వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి ఆ తెల్లటి కొండను కాసేపు చూసింది.

"వద్దు. గొట్టాలు తీసేయండి. బిలం పోతే పోయింది, మనుషులు ముఖ్యం."

గొట్టాలాయన తన మనుషులను పిలిచాడు. అయితే గొట్టాలు లాగే ముందు, రెండు సగాలుగా ఉన్న పెద్ద ఇనుప గరాటును గొట్టం చుట్టూ బిగించి వదిలారు. అది గొట్టం వెంటే జారుకుంటూ వెళ్ళి, సముద్రం అడుగున బిలం మూతి మీద కూర్చుంది. తిరిగొచ్చాక దాన్ని వెతికి పట్టుకోగలిగితే, అదే బిలంలోకి మళ్ళీ దిగొచ్చు. మంచుకొండ అడుగు నేలకు రాసుకుంటూ పోతే మాత్రం గరాటూ ఉండదు, బిలమూ ఉండదు.

ఓడ దూరంగా తప్పుకుని ఎదురుచూసింది. ఆ ఖాళీలో బురదక్క ఇంటికి ఫోన్ చేసింది.

"ఏం దొరికిందే?" అంది అత్తగారు.

"రాళ్ళు, అత్తయ్యా. ఇప్పుడు అవి కూడా లేవు. మంచుకొండ అడ్డమొచ్చింది."

"కొండ ఎన్నాళ్ళు కూర్చుంటుంది? పోతుందిలే. ఇక్కడ వాడు వంట బాగానే చేస్తున్నాడు. వాడితో అనకు, పొగరెక్కుతుంది."

కొండ పోయింది. ఓడ వెనక్కి వచ్చింది. గొట్టం కొసకు దీపమూ కెమెరా కట్టి దింపారు. పని లేనివాళ్ళందరూ తెర ముందు చేరి కళ్ళప్పగించి చూశారు. మసక నీళ్ళు, బురద నేల, ఒక రాయి, దాని మీద నక్షత్రచేప. పక్కనే నాగలి దున్నినట్టు లోతైన చాలు. మంచుకొండ అడుగు గీసిన గీత అది. దాన్ని చూడగానే అందరి గుండెలూ జారిపోయాయి. ఆ చాలు వెంటే కెమెరా కదిలింది. చివరికి ఒక మూల గుండ్రటి అంచు మెరిసింది. కొండ గరాటును తాకకుండా పక్కనుంచి పోయింది.

ఇక మిగిలింది గొట్టాలాయన పని. అంత ఎత్తు నుంచి వేలాడుతున్న గొట్టం కొసను ఆ గరాటులో దించాలి. ఓడ కదిలితే గొట్టం ఊగుతుంది. మొదటిసారి అంచుకు తగిలి పక్కకు జారింది. రెండోసారి బురద లేచి తెరంతా మసకైంది. ఆయన కంగారుపడకుండా నీళ్ళు తేరుకునేదాకా ఆగాడు. మూడోసారి గొట్టం సరిగ్గా గరాటులో దిగింది. బురదక్క వెళ్ళి కొత్త గాజు పలక తుడిచి పెట్టుకుంది.

తర్వాత వచ్చిన కడ్డీ మూతిలో బురద రంగే వేరు. లేత ఆకుపచ్చ. వేళ్ళ మధ్య రుద్దితే వెన్నలా జారుతోంది. పుల్లతో చిటికెడు తీసి పలక మీద పూసింది. కన్ను పెట్టి చూసింది. నిండుగా, కిక్కిరిసి, విరగకుండా, చక్రాల్లా పడవల్లా గాజు పెంకులు. ఇంత ఒత్తుగా ఉన్న పలకను ఆమె ఎన్నడూ చూడలేదు.

"మేడం, ఒకసారి చూడండి," అంది.

మేడం చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఇక్కడ మంచు లేదు," అంది మెల్లగా. "ఒకప్పుడు ఇక్కడంతా పైన కప్పేదేమీ లేని సముద్రమే. ఎండ పడింది, నాచు పెరిగింది. ఆ తర్వాత పైన రాళ్ళ బురద, అంటే మంచు మళ్ళీ వచ్చింది." గొట్టాలాయనను పిలిచి ఆయనకూ చూపించింది. ఆయన ఒక కన్ను మూసుకుని చూసి, "ఇన్నేళ్ళూ ఏం తవ్వుతున్నానో ఇవాళ చూశాను," అన్నాడు.

ఆ పచ్చ పొర ఏ కాలానిదో, అప్పుడు నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో తేల్చడానికి ఒడ్డుకు వచ్చాక ఏడాదికి పైగా పట్టింది. బురదక్క పూసిన పలకలన్నీ అందులో పనికొచ్చాయి. మంచు కరిగి సముద్రం పెరిగితే తీరం వెంట గోడలు ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తున కట్టాలి అని లెక్కలు వేసే ఇంజనీర్లు ఆ ఫలితాలు అడిగి తీసుకెళ్ళారు.

ఒకసారి పరిశోధనాలయంలోకి ఇంటివాళ్ళను కూడా రానిచ్చారు. మట్టి కడ్డీలను దాచే చలిగదిలోకి అత్తగారు కొడుకు కోటు తొడుక్కుని వచ్చింది. బురదక్క ఒక సొరుగు లాగి, నిలువుగా కోసిన కడ్డీని చూపించింది. బూడిదరంగు మధ్యలో జానెడు పచ్చదనం.

"ఇదేనా?" అంది అత్తగారు. "ఇంతకీ ఇది మంచి కబురా, చెడ్డ కబురా?"

బురదక్క ఆలోచించింది. "రెండూనూ అత్తయ్యా. కాస్త వేడెక్కితే మంచు అంత వెనక్కి పోగలదని తెలిసింది. అది భయమే. కానీ ఒక్కరోజులో పోలేదు. నెమ్మదిగా పోయింది, చల్లబడ్డాక మళ్ళీ కట్టింది. వేడి ఎక్కడ ఆగితే మంచు నిలబడుతుందో ఇప్పుడు కొంచెం కొంచెంగా తెలుస్తోంది. చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు."

అత్తగారు వంకర వేలితో ఆ పచ్చ పొర మీద గాలిలోనే, తాకకుండా, ఒక గీత గీసింది.

"దీని కింద ఇంకా ఉందా?"

"చాలా ఉంది. మేము తవ్వింది కొంచెమే."

"మరి మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?"

"వచ్చే వేసవికి. మేడం నన్ను ఇప్పటికే అడిగింది."

"సరే," అంది అత్తగారు కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "ఈసారి బిస్కెట్లు మనింటి నుంచే పట్టుకెళ్ళు."