పుష్యంలో వేసిన బీరపాదు

అత్త పోయిందన్న కబురు మాకు చెరకు చాళ్ల మధ్య అందింది. ఆసుపత్రి నుంచి వచ్చిన బండివాడు గట్టు మీద నిలబడి, మాచేత పని చేయించే సర్దారుతో ఏదో చెప్పాడు. సర్దారు మా వైపు తిరిగి, "బుడ్ఢీ మర్ గయీ. కామ్ కరో," అన్నాడు. ముసలిది చచ్చింది, పని చూడండి అని. రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో అన్నాడు. ఆ గొంతు నా చెవుల్లోంచి ఇంకా పోవడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. సముద్రం దాటి మేము కూలికొచ్చిన ఈ దీవిలో, లోవు దగ్గర మా కూలిలైనులో చెక్కగోడకు అవతలి గది ఆమెది. లైనులో చిన్నా పెద్దా అందరికీ అత్తే. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, ఈ ఒక్కరోజు టాస్కు, రోజూ కొలిచి అప్పగించే పని, తగ్గించమని సర్దారును బతిమాలింది. వాడు వినలేదు. కలుపు తీస్తూ ఎండలో చాలు మధ్యే కూలబడింది. అక్కణ్ణించే బండిలో ఆసుపత్రికి వేసుకుపోయారు. చేల మీద పెత్తనం చేసే కులంబరు దొర మాత్రం, జ్వరం వల్ల పోయింది, మంచి కూలీ అన్నాడట. నా కడుపు మండిపోతోంది. మంచిదని తెలిసినవాడు ఆ రోజు ఆమెను గదిలో పడుకోనివ్వొచ్చుగా? కడసారి చూపుకైనా మాకు సెలవివ్వలేదు. ఆమె కూలీ మాత్రమే కాదని ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకే ఇది రాస్తున్నాను.

లైను వెనక, వాగు ఒడ్డున చెరకుకు పనికిరాని రాళ్లనేల కొంత ఉండేది. ఆదివారాలు అందులో కూరగాయలు పండించుకుంటామని దొరను అడిగి, తిట్లు తిని, మళ్లీ వెళ్లి అడిగి సాధించింది అత్త. ఆరు రోజులు గానుగెద్దుల్లా తిరిగే మేము ఆ ఒక్కరోజే మొగుడూ పెళ్లాం పిల్లలు కలిసి ఒకచోట ఉండేవాళ్లం. మగవాళ్లు రాళ్లు ఏరేవారు, మేము పాదులు చేసేవాళ్లం, పిల్లలు డబ్బాలతో నీళ్లు మోసేవారు. మధ్యాహ్నం రెల్లు పందిరి కింద ఉడికించిన కర్రపెండలం అత్త అందరికీ పంచేది.

మొదటి ఏడు మేమంతా మన ఊళ్లో లాగే ఆషాఢంలో విత్తనాలు వేశాం. ఇక్కడ అది చలికాలం, వాన చుక్క లేదు. మొలిచినవి కూడా బెత్తెడు ఎదగకుండా వడిలిపోయాయి. ఈ పాడు నేలలో ఏదీ బతకదని అందరం తిట్టుకున్నాం. అత్త గొంతుక్కూర్చుని మట్టి నలిపి చూసింది.

"నేలదేటి తప్పు? దేశం మారినా మనం ఆ నెలలే పట్టుకు ఏలాడతన్నాం," అంది.

మిగిలిన బీరగింజలు దాచి, పుష్యమాసంలో వేసింది. మన ఊళ్లో చలిమంటలు వేసుకునే నెలలో ఇక్కడ మాడు పగిలే ఎండ, దానితోపాటే వాన. తీగ ఆగకుండా పాకింది. అప్పటినుంచి ఎండాకాలమే మాకు తోటకాలం.

ఎవరి పాదులో తొలికాయ కాసినా అది పక్కింటి కుండలోకే వెళ్లాలని ఆమె కట్టడి. పిందెలకేసి ఎవరైనా వేలు చూపిస్తే చేతిమీద ఒక్కటిచ్చేది. "ఏలు సూపితే పిందె రాలిపోద్ది. మడిసి సూపించు," అనేది. అందుకే మా పిల్లలు ఏ మొక్కను చూపించినా వేలు మడిచి కణుపుతోనే చూపిస్తారు. సర్దారు మీద కోపంతో నేను ఊగిపోతుంటే గునపం నా చేతికిచ్చి, "నేలమీద తీర్చుకో. రేపు తినడానికేదైనా మొలుత్తాది," అనేది. ఆ కోపంతోనే సగం తోట తవ్వాను.

ఆమె పోయిన తర్వాత వచ్చిన తొలి ఆదివారం ఇవాళే. తోటలోకి సర్దారు దిగాడు. ముసలిది అడిగిందని ఇచ్చిన నేల, ముసలిది పోయింది, ఇక చెరకు వేస్తాం అన్నాడు. బీరపందిరి నిండా పిందెలు. వాటికేసి చెయ్యి చాచి, వేలు చూపించి, రేపు ఇక్కణ్ణించే దున్నుతామన్నాడు.

"ఏలు మడువు!" పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

వాడికి తెలుగు రాదు. అయినా ఉలిక్కిపడి వేలు ముడుచుకున్నాడు. అత్త పోయాక మేము నవ్వింది అప్పుడే. నవ్వుతూనే ఒకరి తర్వాత ఒకరం వెళ్లి పాదుల మధ్య కూర్చున్నాం. నేను గునపం ఒళ్లో పెట్టుకుని, "ఎద్దుల్ని తోలుకురా. మేమిక్కడే ఉంటాం," అని వాడికి అర్థమయ్యేలా హిందీలోనే చెప్పాను. దొరతో చెబుతానని, టాస్కు రెట్టింపు చేయిస్తానని బెదిరించి గట్టెక్కి వెళ్లిపోయాడు.

రేపు ఎద్దులు వస్తాయో, దొరే వస్తాడో తెలియదు. నా కోపం మాత్రం చల్లారలేదు, చల్లారనివ్వను. ఎండ వాలుతున్నా ఎవరూ గదులకు వెళ్లడం లేదు. పందిరి కింద పిల్లలు ఏ పిందె ఎవరింటికి వెళ్లాలో పంచుకుంటున్నారు, వేళ్లు మడిచి, కణుపులతో చూపిస్తూ.