మొక్కిన సంవత్సరం

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న ఆమెను నర్సుల దగ్గర్నుంచి కాపలావాడి దాకా అందరూ దుప్పట్లక్క అనే పిలుస్తారు. మరకను చూసి అది ఏ వార్డు దుప్పటో చెప్పగలదు. అలాంటి మనిషి ఒక్క కాగితం ముందు మూడు రోజులుగా చతికిలబడిపోయింది.

అది వేదాంత కళాశాల దరఖాస్తు. కొడుకును పాస్టరు చదువుకు పంపాలి. ఆదివారం సాయంత్రంతో గడువు ముగుస్తుంది. ఆరు గడులు కొడుకే నింపాడు, సంతకం మాత్రం పెట్టలేదు. ఏడో గడి తల్లిది: బిడ్డను దైవసేవకు సమర్పించినది ఎప్పుడు? నెల, సంవత్సరం.

శనివారం సాయంత్రం ఆ గడి నింపేసి కాగితం వంకే చూస్తూ కూర్చుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు నుంచి వచ్చిన కొడుకు చేతులు తుడుచుకుంటూ తొంగిచూశాడు.

"పెన్ను పట్టుకుని కునుకు తీస్తున్నావా? ఇదేంటమ్మా, నువ్వు రాసిన ఏడాదికి నేను పుట్టలేదు కదా!"

"నీ కోసమే మొక్కానురా."

"నేనెక్కడున్నానమ్మా అప్పటికి? లైన్‌లో కూడా లేను. కడుపులో ఉన్నది అక్క."

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

వాడన్నది నిజమే. రెండు కాన్పులు దక్కకుండా పోయాక, మూడోసారి అయిదో నెలలో, ఆరాధన మధ్యలో లేచి పొట్ట మీద చెయ్యి వేసుకుని సంఘమంతా వినేలా చెప్పింది. "ఈ బిడ్డ దక్కితే నీ సేవకే, ప్రభువా." దక్కింది, కానీ ఆడపిల్ల. అత్తగారు మంచం పక్కనే తీర్పు చెప్పేసింది. "ఆడపిల్లను సేవకిస్తానంటే సంఘం నవ్వదూ? మగబిడ్డ పుట్టేదాకా ఆగు. దేవుడేమైనా గడువు పెట్టాడా?" ఆ మాట ఆమెకూ హాయిగానే ఉంది. మూడేళ్లకు కొడుకు పుట్టాడు. కాబోయే పాస్టరని అందరూ వాణ్ణి ఉయ్యాల్లోనే చిన్నయ్యగారు అన్నారు. మొక్కు వాడి నెత్తిన పడింది. భర్త పోయిన ఈ పదేళ్లలో ఆ మొక్కును పట్టుకునే ఆమె నిలబడింది.

"నువ్వు ఏడిస్తే వెళ్తాను," అన్నాడు కొడుకు, నవ్వు మానేసి. "కానీ నాకు దేవుడి పిలుపు రాలేదమ్మా. ఫ్రిజ్ చప్పుడు వింటే దానికేం పోయిందో చెబుతాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకేం వినపడదు. అక్కకు వినపడేది. అడిగింది కూడా. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. పదహారేళ్లప్పుడు పెద్దది తనే సేవకు వెళ్లి వాక్యం చెబుతానని అడిగింది. "పిల్లలు పుట్టాక వాళ్లకు చెప్పుకో. తల్లి చేసేది సేవ కాదా?" అంది తను. ఆ రోజు ఆ మాట చాలా గొప్పగా అనిపించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి గదికి కాగితం తీసుకెళ్లింది. సంతకం కోసం కొడుకు గుమ్మం బయటే నిలబడ్డాడు. పాస్టరుగారు చెడ్డవాడు కాడు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, ఏడో గడి చూశాడు, పక్కన వాడి పుట్టినతేదీ చూశాడు.

"ఇంతేనా అమ్మా? చివరి అంకె దిద్దండి. దేవుడు మనసు చూస్తాడు గానీ అంకెలు చూస్తాడా?"

"దిద్దితే అబద్ధం అవుతుంది కదండీ అయ్యగారూ."

"చిన్న పొరపాటు, అంతే."

"పొరపాటు అంకెలో లేదండి." ఆమె గొంతు తగ్గించింది. "మా పెద్దదాన్ని తీసుకుంటారా?"

పాస్టరుగారు కళ్లజోడు తీశాడు. "పెళ్లయిన పిల్ల. ఒళ్లో పసిబిడ్డ. ఆ బిడ్డను పెంచడమే ఆమె సేవ కదమ్మా."

తను పెద్దదానితో అన్న మాటే అది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా తిరిగి తన చేతికొచ్చింది. కాగితం తీసుకుని లేచింది. బయట కొడుకు ఆమె మొహం చూసి చెప్పులు దగ్గరకు జరిపాడు. గడువు ఆ సాయంత్రమే దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు.

అక్కణ్ణుంచి ఆమె ఒక్కతే కూతురింటికి వెళ్లింది. ఆరేళ్లు సండేస్కూలు నడిపిన పిల్ల, ఇప్పుడు వంటింటి గడప మీద కూర్చుని ఎనిమిది నెలల పాపకు పాలిస్తోంది. తల్లి నిలబడే చెప్పింది. మొక్కినప్పుడు కడుపులో ఉన్నది ఎవరో, ఆ మొక్కు ఎవరి మీదికి మళ్లించిందో, పాస్టరుగారు ఏమన్నారో.

కూతురు తల ఎత్తలేదు. "నాకు తెలుసు."

"ఎలా?"

"నానమ్మ చెప్పింది. నాకు పన్నెండేళ్లప్పుడు. నవ్వుతూ చెప్పింది, అదేదో తన తెలివైనట్టు."

"మరి ఆ రోజు నన్ను అడిగినప్పుడు..."

"తెలిసే అడిగాను. నీకే గుర్తొస్తుందేమోనని."

తల్లి గోడకు ఆనుకుంది. "ఇప్పుడేం చెయ్యమంటావే?" అంది.

"నన్నెందుకు అడుగుతావు? వాళ్లు తీసుకోరు, నేను ఇల్లు వదిలి వెళ్లలేను. నీ బరువు దించుకోవడానికి వచ్చావు. దించుకున్నావు. నేనెక్కడ దించుకోవాలి?"

పాప పాలు వదిలేసి అమ్మమ్మ వంక చూసి ఊఁ కొట్టింది. కూతురు విసుగ్గానో అలసటగానో బిడ్డను ఆమె చేతికిచ్చి, పైట సర్దుకుని లేచింది.

"పట్టుకో. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి."

పసిదాన్ని ఎత్తుకోగానే అలవాటు కొద్దీ ఆమె అరచెయ్యి ఆ చిన్న తల మీదికి వెళ్లింది. పెదవులు కదిలాయి. వంటింట్లోంచి కూతురు వెనక్కి తిరిగింది.

"అమ్మా. దీవించు. మళ్లీ ఏదీ మొక్కుకోకు."

చెయ్యి అక్కడే ఆగింది. ఇన్నేళ్లూ ఆమె చేసిన ప్రతి ప్రార్థన చివరా ఏదో ఒకటి ఇస్తాననే ఉంది. అది తీసేస్తే ఏం మిగులుతుందో వెతుక్కుంది.

"ఏమ్మా, మాటలు దొరకట్లేదా?"

"దొరకట్లేదే," అంది ఆమె. కానీ చెయ్యి తియ్యలేదు.