తాళం ఏసి పోనీకి ఇల్లెందుకన్న మా కాక

మా కాక పోయాడు. పొద్దున నిజామాబాద్ ఆసుపత్రిలో గుండె ఆగిపోయింది. మెండోర దగ్గర వంతెన పనిమీద ఉన్న నాకు ఆ సంగతి ఫోన్‌లో చెప్పింది మా బాపు, అంటే కాకకు సొంత అన్న. "మీ కాక పోయిండు బిడ్డా" అని ఏడ్చాడు. ఆ ఏడుపు ఆగకముందే రెండో మాట అడిగాడు. "ఇప్పుడు ఏడ పెడ్దమే?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏడ పెట్టడమేమిటి? మనిషిని ఇంటికి తెస్తారు, వాకిట్లో పడుకోబెడతారు, స్నానం పోస్తారు, చుట్టూ కూర్చుని ఏడుస్తారు. అప్పుడు గుర్తొచ్చింది, మా కాకకు సొంతిల్లు లేదని.

ఆయన వరికోత మిషను నడిపేవాడు. యాసంగి కోతలు బోధన్ వైపు ముందు మొదలవుతాయి. అక్కడి నుంచి పంట ఎటు పండితే అటు, ఆర్మూర్ మీదుగా జగిత్యాల దాకా, ఇటు మహారాష్ట్ర దాకా, మిషనుతో పాటు పోయేవాడు. రైతుల కొట్టాల్లో, బడి వరండాల్లో, ఏదీ దొరక్కపోతే మిషను కిందనే పడుకునేవాడు. ఆయన సామానంతా ఒక ఎర్ర దుప్పటి, ఒక స్టీలు గ్లాసు, రెండు జతల బట్టలు. పొద్దున లేవగానే పడుకున్న చోటు తానే ఊడ్చేవాడు. చీపురు లేకపోతే వేపకొమ్మ విరిచి ఊడ్చేవాడు. "పండుకున్న జాగ ఊడ్చి పోవాలె బిడ్డా. మల్లొస్తే ఆ జాగ మనల్ని పొమ్మనది" అనేవాడు.

వయసులో ఉన్నప్పుడు మోర్తాడ్‌లో ఒక సంబంధం కుదిరింది. అమ్మాయికి కాక నచ్చాడు, కాకకు అమ్మాయి నచ్చింది. ఖాయం చేసుకునే రోజు అమ్మాయి తండ్రి సొంతిల్లు ఉన్నదా అని అడిగాడు. కాక ఉన్నదున్నట్టు చెప్పాడు. "నేనుండేదే మిషను మీద. ఆమె నా ఎంబడి వస్తే ఊర్లన్ని సూస్తది. తాళం ఏసి పోనీకి ఇల్లెందుకు మామా?" అన్నాడు. ఆ మామ అక్కడికక్కడే లేచి వెళ్లిపోయాడు. కాక మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు. మా చుట్టాలు ఈ కథను ప్రతి పెళ్లిలో పడీపడీ నవ్వుతూ చెప్పుకునేవారు. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. అమ్మాయి ఏమనుకుందో ఎవరైనా అడిగారా?

కోతలు లేని నెలల్లో ఉండడానికి బోధన్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నేను బడికి పోతున్నప్పటి నుంచి అదే గది. ఏటా తానే సున్నం వేసుకునేవాడు. ఇంటివాళ్ల బోరు మోటారు చెడిపోతే బాగుచేసేది కాక, వాళ్ల ముసలామెను దవాఖానకు తీసుకుపోయేది కాక. ఆయన పెట్టిన జామచెట్టు కాయలు ఆ ఇంటి పిల్లలే తిన్నారు. "మీ కాక కిరాయికి ఉన్నోడా? మా ఇంట్ల మనిషి" అని ఇంటాయన నాతో ఎన్నిసార్లో అన్నాడు. ఆ మాట నేను నమ్మాను. మీరైనా నమ్మేవారే.

మొన్న మాఘంలో ఆ జామచెట్టు కిందే కూర్చుని కాకను సలహా అడిగాను. నాదీ తిరుగుడు బతుకే. ఒక వంతెన అయిపోతే ఇంకో వంతెన, ఇంకో ఊరు, ఇంకో అద్దె గది. నిజామాబాద్‌లో ఫ్లాట్ తీసుకొమ్మని బాపు పోరు పెడుతున్నాడు. తీసుకోనా వద్దా అన్నాను. తనలాగే బతకమంటాడని నా మనసులో ఉంది. కాక జామకాయ తుంచి సగం నాకిచ్చి, నిదానంగా చెప్పాడు. "నేను కొనలేదని నువ్వు కొనకుండ ఉండకు. మీ బాపు కొన్నడని కొనకు. ఏడాదిల ఆ ఇంట్ల ఎన్నొద్దులు పండుకుంటవో నువ్వే సూస్కో." ఆలోచించాను. పండగలకూ జ్వరాలకూ తప్ప నేను ఆ ఇంట్లో పడుకునేది లేదు. అయినా ఏదీ తేల్చుకోలేక వచ్చేశాను.

ఇప్పుడు చెప్తాను ఆ రోజు ఏం జరిగిందో. బోధన్ ఇంటాయనకు నేను ఫోన్ చేస్తే, "పోయిన నక్షత్రం మంచిగ లేదంట. ఇంట్లకు తెస్తే మేం ఇల్లు మూసుకొని పోవాలె. వచ్చే నెల మా బిడ్డ పెండ్లి. తేకుండ్రి" అన్నాడు. పోయిన మనిషి ఎలా పోయాడని కూడా అడగలేదు. సరే, ఆయన పరాయివాడు. మరి మా బాపుకు రెండంతస్తుల ఇల్లుంది కదా? గృహప్రవేశమై ఇంకా ఏడాది నిండలేదు, శవం రాకూడదని అయ్యగారు చెప్పారట. చుట్టాల్లో ఒకరికి పైన కిరాయిదార్లు, ఇంకొకరికి వాకిలి ఇరుకు. ఇన్ని ఇళ్లున్న వంశంలో ఒక్క వాకిలి దొరకలేదు. నేను ఒక్కళ్లను తప్పు పట్టను, అందరినీ పడతాను. నేను చేరేసరికి కాక ఆసుపత్రి గేటు బయట, అంబులెన్స్‌లో, ఎండలో ఉన్నాడు.

కబురు ఎలా పోయిందో, బోధన్ దగ్గర క్యాంపు నుంచి ఒక పెద్దావిడ కాక తోటి డ్రైవరుకు ఫోన్ చేసింది. వాళ్లు తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సాగు చేసుకుంటున్న రైతులు; వాళ్ల ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. ఏటా వాళ్ల పొలంలోనే కాక మొదటి కోత పెట్టేవాడు. గేటు దగ్గర నాతోనే ఉన్న ఆ డ్రైవరు ఫోన్ నా చేతికిచ్చాడు. "మా కల్లంలోకి తీసుకొచ్చేయండమ్మా. వడ్లు పక్కకి లాగించేశాను" అంది. నక్షత్రం సంగతి దాచకూడదని చెప్పాను. "ఆ వడ్లు కోసింది ఆయనే కదమ్మా. ఇంకేం నక్షత్రం? తెచ్చేయండి" అంది.

సిమెంటు కల్లం మధ్యలో, రెండు వడ్ల రాశుల నడుమ కాకను పడుకోబెట్టాం. ఆవిడే నీళ్లు తోడించింది. కోతలు ఆపి డ్రైవర్లంతా వచ్చారు. నేను గట్టిగా ఏడ్చాను.

స్నానం పోస్తుండగానే మా వాళ్లలో గుసగుసలు. సొంతిల్లుంటే ఈ గతి పట్టేదా అని. బాపు నా పక్కకు వచ్చి, "సూసినవా బిడ్డా? ఇప్పుడన్న ఆ ఫ్లాట్ తీస్కో" అన్నాడు. తమ్ముడి ఒంటి మీద తడి ఇంకా ఆరలేదు. నాలో కోపం బుస్సున లేచింది. "కాకకు ఇల్లు లేకుంటే లేకపాయె బాపూ. నీకు ఉండి ఏమైంది?" అన్నాను. ఆయన చెంబు అందుకుని తమ్ముడి కాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆయన దుఃఖం అబద్ధం కాదు, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

మూడో రోజు కాక గది ఖాళీ చేయడానికి పోయాను. అప్పటికే జామచెట్టుకు 'గది అద్దెకు ఇవ్వబడును' అని అట్టముక్క వేలాడుతోంది. ఇంటాయన గేటు బయటే నిలబడి, లోపల పసుపునీళ్లు చల్లించారా లేదా అని భార్యను కేకేస్తున్నాడు. నేను ఎర్ర దుప్పటి, స్టీలు గ్లాసు తీసుకుని బయటపడ్డాను. ఆ రోడ్డు మీదే నిలబడి బాపుకు ఫోన్ చేసి ఫ్లాట్ వద్దన్నాను. భయం లేక కాదు. నేను పోయిన రోజు నన్నూ ఇలాగే గేటు బయట పెట్టొచ్చు. కానీ చచ్చాక ఒక పూట పడుకోవడానికి, బతికినంత కాలం ఒక ఇంటికి తాళం వేసి తిరగడం నా వల్ల కాదు.

అక్కడి నుంచి కల్లానికి పోయాను. మబ్బు పట్టింది. వాన పడేలోపు వడ్లు ఆరాలని కల్లమంతా పలచగా పరిచారు. నడుమ మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. పెద్దావిడ రాశి పక్కన నిలబడి ఉంది.

"అక్కడ పోయడానికి చెయ్యి రాలేదమ్మా" అంది.

గోడకు ఆనించిన చీపురు తీసుకున్నాను. సిమెంటు ఇంకా వేడిగానే ఉంది. రాలిన బంతిపూల రేకులు, నాలుగు వడ్లగింజలు ఉన్నాయి. మా కాక పడుకున్న జాగా తల వైపు నుంచి కాళ్ల దాకా శుభ్రంగా ఊడ్చాను. తరువాత ఆవిడా నేనూ చెరో పక్క నుంచి వడ్లు లాగి పరిచాం.