మెంతుల గిన్నె

పోపులో మెంతులు వేగిన వాసన రాగానే నా చెయ్యి ఆగిపోయింది. నాకిప్పుడు ఐదో నెల.

గద్వాలలో మా ఇంట్లో, తమ్ముడు ఇంకా కడుపులో ఉన్నప్పుడు, అమ్మ నడుం నొప్పికని పిడికెడు మెంతులతో కషాయం కాచుకుంది. నాయనమ్మ మగ్గం గుంతలోంచి లేచొచ్చి గిన్నె లాక్కుంది.

"కడుపుతోని ఉండి గిది తాగుతరా ఎవలన్న? బిడ్డకు మంచిది కాదు!"

ఆ పూటే తను పప్పులో మెంతికూర వేసి అమ్మకు వడ్డించింది. ఏది నిజమో నాకు తెలియలేదు.

తమ్ముడు పుట్టాక అదే నాయనమ్మ, అదే గిన్నెలో, అమ్మకు మెంతుల కషాయం తెచ్చింది. నేను అడ్డం నిలబడి ఏడ్చాను.

"బిడ్డకు మంచిది కాదన్నవు గద!"

"గప్పుడు కడుపుల ఉండె. ఇప్పుడు తాగితే పాలు పడ్తయే పిల్లా."

నాకు నమ్మకం కుదరలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు పొయ్యి తగ్గించి అమ్మకు ఫోన్ చేశాను.

"పోపుల చిటికెడు ఏస్తే ఏం కాదు బిడ్డా. కషాయాలు గిట్ల మాత్రం డాక్టరమ్మను అడగకుండ తాగకు. గందుకే నాడు మీ నాయనమ్మ నా చేతుల గిన్నె గుంజుకున్నది."

ఆ ఇంట్లో అమ్మకు కాపలా కాసింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నేళ్ళూ.